బాబాయి కష్టానికి ఇష్యూ నంబరు

"ఎవరడిగారు? ఇష్యూ నంబరుందా?"

వచ్చే ఏడాది మా సాఫ్ట్‌వేర్ రిలీజుల ప్లానింగ్ మీటింగులో, పదిమంది ముందు, మా టీమ్ లీడ్ నన్నడిగిన మాట ఇది. ఇష్యూ అంటే సాఫ్ట్‌వేర్‌లో ఇబ్బందినో, కావలసిన మార్పునో ట్రాకర్ అనే జాబితాలో రాసిపెట్టడం. రాసిన ప్రతిదానికీ ఒక నంబరు పడుతుంది. ఆవిడ గొంతు పెంచలేదు. అయినా ఆ పూట నాకు అన్నం సయించలేదు. నేను చెప్పింది మా బాబాయి కష్టం. దానికి నంబరెక్కడిది?

బెజవాడ గవర్నర్‌పేటలో బాబాయికి డీటీపీ సెంటరుంది. పేజ్‌మేకర్, అను ఫాంట్ల మీద ఇల్లు నడిపిన మనిషి. ఏ కంప్యూటర్లోనైనా తెలుగు ఒకేలా చదవడానికి అక్షరాలకు సంకేతాలిచ్చే యూనికోడ్‌కి మారమని పోరి, బెర్లిన్‌లో మేం తయారుచేసే ఓపెన్ సోర్స్ టూల్‌కిట్ (యాప్‌లు కట్టుకోవడానికి వాడే సరంజామా) మీద కట్టిన ఎడిటర్ ఒకటి ఎక్కించి ఇచ్చాను. వారం తిరక్కుండా ఫోన్. "ఏంటమ్మాయ్ ఇది, 'స్త్రీ' మధ్యలో కర్సర్ ఆగుతోంది? ఒక్క అక్షరం దాటడానికి బాణం మూడుసార్లు నొక్కాలా?"

ఆయన అడిగింది న్యాయం. చదివేవాడికి అది ఒక అక్షరమే. కంప్యూటర్ దాచుకునేది మాత్రం ఆరు సంకేతాలు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. యూనికోడ్ పాత నియమం వీటిని మూడు ముక్కలుగా చూసేది. తెలుగుతో సహా కొన్ని భారతీయ లిపుల్లో ఇలాంటి సంయుక్తాక్షరాన్ని విడగొట్టకూడదని 2023లో యూనికోడ్ 15.1 కొత్త నియమం పెట్టింది. మా టూల్‌కిట్ ఇంకా పాత నియమం దగ్గరే ఉంది. దీన్ని మార్చి రిలీజులో చేర్చమన్నాను. అంతే నేనడిగింది.

తేదీల విషయంలో నాకు పేచీ లేదు. మాది జీటీకే అనే ఇంకో ఓపెన్ సోర్స్ టూల్‌కిట్ మీద నడిచేది. జీటీకే పెద్ద వెర్షన్లు 2002, 2011, 2020లలో వచ్చాయి. మధ్యలో చిన్నవి ఇంచుమించు ఆరు నెలలకొకటి, గ్నోమ్ అనే లినక్స్ డెస్క్‌టాప్ మార్చి, సెప్టెంబరు విడుదలలకు తోడుగా వస్తాయి. మా క్యాలెండరూ దాన్ని పట్టుకునే ఉంటుంది. ఫీచర్ ఫ్రీజ్, అంటే కొత్తవి చేర్చడం ఆపే గడువు, పడిందంటే కొత్తది ఎంత మంచిదైనా తర్వాతి రిలీజుకే. పెళ్లి ముహూర్తం పెట్టుకున్నాక పనులన్నీ దానికి సర్దుకున్నట్టే ఇదీ. ఇందులో మొహమాటాలు నడవవు, ఆ పద్ధతంటే నాకు గౌరవం.

నా బాధంతా ఆ ప్లానులోకి ఏది ఎక్కుతుందన్న దగ్గరే. ట్రాకర్‌లో రాసి ఉన్నదే ఎక్కుతుంది. జీటీకే పుట్టిందే గింప్ అనే బొమ్మల ఎడిటర్ కోసం. ఆ గింప్ జీటీకే 2 వదిలి 3కి మారేసరికి 2025 మార్చి అయింది, అప్పటికి జీటీకే 4 వచ్చి నాలుగేళ్లు దాటింది. అన్నేళ్ల ఆలస్యాన్ని జనం అర్థం చేసుకోగలిగారంటే, ఎక్కడ ఏ పని ఆగిందో బయటికి కనపడేలా రాసి ఉండబట్టే. బాబాయిలాంటి వాళ్ల ఇబ్బంది అలా ఎవరు రాస్తారు? 2011 జనాభా లెక్కల్లో తెలుగు మాతృభాష అన్నవాళ్లు 8 కోట్ల పైమాటే. మా ట్రాకర్‌లో తెలుగు గురించిన ఇష్యూలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. దాన్ని చూసి అక్కడివాళ్లు తెలుగువాళ్లకి ఇబ్బందేమీ లేదనుకుంటారు. మనవాళ్లు కష్టమొస్తే తెలిసినవాళ్లకి చెప్పుకుంటారు, చెప్పాక వాళ్లు చూసుకుంటారన్న నమ్మకంతో ఊరుకుంటారు. గవర్నర్‌పేటలో పని జరిగేది అలాగే. ప్రెస్సాయన వచ్చి స్టూలు మీద కూర్చుని రెండు ముక్కలు చెబితే సాయంత్రానికి ప్రూఫ్ మారిపోతుంది. ఆ నమ్మకం తక్కువదని నేనెప్పటికీ అనను. బెర్లిన్‌లో అన్నీ సవ్యంగా సాగుతాయి గానీ, అలా వచ్చి కూర్చునే స్టూలు మాత్రం లేదు.

సెలవుకి వచ్చి ఇప్పుడు బాబాయి షాపులోనే ఉన్నాను. ఆయన నా కోసం ఒక కాగితం సిద్ధంచేసి పెట్టాడు. పాత పెళ్లి కార్డు ప్రూఫు వెనకవైపు, మాటలన్నీ విడివిడిగా రాసి, కర్సర్ ఆగిన ప్రతిచోటా ఎర్ర పెన్నుతో నిలువు గీత. ప్రూఫులు దిద్దే చేయి కదా, ఒక్క గీతా తప్పలేదు. ఇంత చక్కటి బగ్ రిపోర్టు మా ఆఫీసులో నేను చూడలేదు.

"నీ పేరుతోనే పెడదాం బాబాయ్" అన్నాను.

"నాకెందుకమ్మా ఆ ఇంగ్లీషు గొడవ, నువ్వున్నావుగా" అన్నాడు.

ఆ మాటే నాకు భయం. నేను ఈ ఉద్యోగం మానేస్తే? తెలిసినమ్మాయి లేని గుంటూరు డీటీపీ ఆయన సంగతేంటి? అందుకే పట్టుబట్టి ఆయన పేరుతోనే అకౌంటు తెరిపించాను. పైన ఆయన మాటలు తెలుగులో, కింద నా ఇంగ్లీషు, చివర ఆ కాగితం ఫోటో. రాత్రికి లీడ్ దగ్గర్నుంచి జవాబొచ్చింది. మార్చి రిలీజులో పెట్టిందట, పరీక్షించడానికి ఇంకా మాటలు కావాలట.

బాబాయి జాబితాలో ప్రస్తుతానికి స్త్రీ, లక్ష్మి, రాష్ట్రం, వస్త్రం, మత్స్యం, సామర్థ్యం ఉన్నాయి. మీ కంప్యూటర్లో కర్సర్ ఇలా మధ్యలో ఆగే మాటలుంటే ఆ సాఫ్ట్‌వేర్ ట్రాకర్‌లో మీ పేరుతోనే రాయండి, తెలుగులో రాసినా సరే. ఫ్రీజ్ ఫిబ్రవరిలో.