షెల్టరు పక్కన ఊట: ఏ నెల వరకు?

కొండదారుల్లో రాత్రి తలదాచుకునే షెల్టరు పక్కన పటంలో నీటి గుర్తు కనబడితే, చాలామంది అక్కడ కుళాయి ఉన్నంత ధీమాగా బయలుదేరతారు. నేను ఆ గుర్తును నెల పేరుతో కలిపి చదువుతాను. ఏప్రిల్‌లో గలగలా పారిన ఊట ఆగస్టు చివరికి ఒట్టి తడిమట్టిగా మిగలడం అమెరికాలోని అపలాచియన్ ట్రయిల్ మీద నడిచేవారికి కొత్త సంగతి కాదు. జార్జియా నుంచి మెయిన్ దాకా 14 రాష్ట్రాల మీదుగా, సుమారు 3,500 కిలోమీటర్లు సాగే ఆ బాటలో 250కి పైగా షెల్టర్లు ఉన్నాయి. వాటిలో చాలావరకు ఏదో ఒక ఊటనో వాగునో చూసుకుని కట్టినవే అయినా, ఆ నీరు పన్నెండు నెలలూ ఉంటుందని ఎవరూ మాట ఇవ్వలేదు.

కారణం కొండ వాలులోనే ఉంది. షెల్టరు గట్టు మీదికి దగ్గరగా ఉన్నకొద్దీ, అక్కడి ఊటకు ఎగువన వాననీటిని ఇంకించుకునే నేల తగ్గిపోతుంది కనుక, కొన్ని వారాలు వాన మొహం చాటేస్తే ముందుగా చిక్కిపోయేది ఆ ఊటే. దానికితోడు వేసవిలో నిండా ఆకులేసిన అడవి నేలలోని నీటిని రోజంతా పీల్చేస్తుంది. అక్టోబరులో ఆకు రాలాక, పెద్ద వాన పడకపోయినా కొన్ని ఊటల్లో మళ్లీ కదలిక కనిపించడానికి కారణం ఇదే. అయితే 2016లో ఆగ్నేయ రాష్ట్రాలను తీవ్రమైన కరవు పట్టి, నవంబరులో కార్చిచ్చులు రేగిన సంవత్సరంలో, ఆకు రాలుడును నమ్ముకోవడానికి కూడా లేకపోయింది.

గుర్తు ఉన్న చోట నీరు లేకపోతే నేను ఎండిన పాయ వెంటే కిందికి దిగుతాను. పైన ఇంకిపోయిన నీరు దిగువన రాతిపొర తగిలిన చోట మళ్లీ పైకి రావడం తరచుగా జరిగేదే. పటంలో ఒకే ఎత్తున్న చోట్లను కలిపే కాంటూరు గీతలు ఎగువ వైపుకు మొన తేలి కనిపించే చోట లోయ ఉంటుంది. అలాంటి రెండు లోయలు కలిసే చోట నీరు దొరికే అవకాశం ఎక్కువ. అమెరికా భౌగోళిక సర్వే పటాల్లో ఏడాదంతా పారే వాగును తెగని నీలిగీతతోనూ, కొంతకాలమే పారేదాన్ని తెగిన గీతతోనూ చూపుతారు. వేసవిలో తెగిన గీత మీద ఆశ పెట్టుకోను.

ఊట ముందు కూర్చున్నాక అది నమ్మదగినదో కాదో కొంతవరకు చేతికే తెలుస్తుంది. లోతైన భూగర్భజలం ఎండాకాలంలోనూ చల్లగా ఉంటుంది, నిన్నటి వానకు ఇవాళ ఉబ్బదు, మట్టిరంగు తిరగదు. వాన పడగానే పొంగి బురదరంగుకు మారే ఊట పైపొర నీటిది; తొందరగా వచ్చినట్టే తొందరగా పోతుంది. ధార మరీ సన్నగా రాతిని అంటుకుని జారుతుంటే, ఒక దళసరి ఆకును రాతి పగులులో దూర్చి, పైన గులకరాయి పెట్టి, కొనను కిందికి వంచితే నీరు ఆ కొన నుంచి తీగలా సీసాలోకి పడుతుంది. అందుకూ చాలనప్పుడు దిగువన చిన్న చెలమ తీసి, మట్టి పేరుకునే దాకా ఓపిక పట్టి, పైనీటిని కప్పుతో ముంచుకోవాలి. ఆత్రపడి కలియబెడితే ఫిల్టరు పూడుకుపోతుంది.

శుద్ధి గురించి క్లుప్తంగా చెబుతాను. 0.1 మైక్రాన్ రంధ్రాలున్న ఫిల్టరు బ్యాక్టీరియానూ, విరేచనాలు తెచ్చే జియార్డియా, క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవులనూ ఆపుతుంది కానీ వైరస్‌లను ఆపదు. మరిగించడం అన్నిటికీ పనిచేస్తుంది: నీరు తెర్లుతూ ఒక నిమిషం, సుమారు 2,000 మీటర్ల ఎత్తు దాటితే మూడు నిమిషాలు. గడ్డకట్టే చలిలో తడి ఫిల్టరును పక్కబట్టల్లో పెట్టుకుని పడుకోవాలి. ఒకసారి గడ్డకట్టినదాన్ని నమ్మకూడదు.

సూక్ష్మజీవులు కాక లోహాలున్న నీటికి ఈ రెండు ఉపాయాలూ పనికిరావు. మరిగిస్తే లోహం ఇంకా చిక్కబడుతుంది. పెన్సిల్వేనియాలో లీహై గ్యాప్ దగ్గర బాట దాటే కొండను పామర్టన్ జింకు కర్మాగారాల పొగ దశాబ్దాలపాటు మోడుచేసింది. 1983లో ఆ ప్రాంతాన్ని సూపర్‌ఫండ్ జాబితాలో, అంటే విషపదార్థాలతో కలుషితమై ప్రభుత్వం శుభ్రం చేయించాల్సిన స్థలాల జాబితాలో, చేర్చారు. అలాంటి చోట్లకు, గనుల నుంచి నారింజరంగు మడ్డి దిగే వాగుల దగ్గరకు, ముందే నీళ్లు మోసుకుని వెళ్లడం తప్ప వేరే దారి లేదు.

అందుకే సాయంత్రం షెల్టరుకు ముందున్న చివరి నమ్మకమైన వాగు దగ్గరే వంట, భోజనం కానిచ్చి, కడుపునిండా తాగి, రాత్రికీ తెల్లవారికీ రెండు లీటర్లు పట్టుకుని ఎక్కుతాను. రెండు కిలోల బరువు గట్టు ఎక్కేటప్పుడు విసిగిస్తుంది, కాదనను. షెల్టరు చేరాక, వచ్చిపోయేవారు రాసిపెట్టే అక్కడి పుస్తకంలో ముందుగా నీటి ఊసున్న వాక్యాలను, వాటి పక్కనున్న తేదీలను వెతుకుతాను. "ఊట బాగుంది" అన్న మాటకు తేదీ లేకపోతే దాన్ని లెక్కలోకి తీసుకోను. నా వంతుగా తేదీ, లీటరు సీసా నిండటానికి పట్టిన సమయం, నీరు ఊటకు అమర్చిన పైపు దగ్గరే దొరికిందా లేక దిగువకు వెళ్లాల్సి వచ్చిందా అన్నది రాసిపెడతాను.