ఉగాదికి మల్లన్న దారిలో

ఉగాది దగ్గరపడితే శ్రీశైలంలో ఎటు చూసినా కన్నడమే వినపడుతుంది. భ్రమరాంబ కన్నడిగులకు ఇంటి ఆడపడుచు, మల్లన్న అల్లుడు. అందుకే అమ్మవారికి చీర, గాజులు, ఒడిబియ్యం మూటగట్టుకుని రాయచూరు, బాగల్‌కోట, విజయపుర వైపుల నుంచి రోజుల తరబడి నడిచి వస్తారు. వాళ్లతో నడవాలని నాకు ఎప్పటి నుంచో కోరిక. ఈసారి ఆత్మకూరు దగ్గర ఒక గుంపుతో కలిశాను.

వెంకటాపురం దాటితే నల్లమల. పులులుండే అడవి కాబట్టి మామూలు రోజుల్లో పోనివ్వరు, శివరాత్రికీ ఉగాదికీ మాత్రం దారి వదులుతారు. నాగలూటి వీరభద్రుడి గుడి దాటాక అక్కడక్కడా పాత రాతిమెట్లు. 14వ శతాబ్దంలో ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికి మెట్లు కట్టించాడు. ఎప్పుడో రాబోయేవాళ్ల మోకాళ్ల గురించి అన్ని వందల ఏళ్ల ముందే ఒకరు ఆలోచించారంటే నాకు ఒళ్లు పులకరించింది.

మా గుంపులో ఒక పెద్దావిడ ఉంది. తెలుగు నాలుగు ముక్కలు వచ్చు. ఒక చోట నీడకు కూర్చున్నప్పుడు సంచిలోంచి ఎండు జొన్నరొట్టె తీసి, ఫట్‌మని విరిచి, వేరుశెనగ పొడి వేసి సగం నా చేతిలో పెట్టింది. దారి పొడవునా సరిపోవాలని లెక్క చూసుకుని తెచ్చుకున్న రొట్టెలవి. వద్దంటే వినలేదు.

పెచ్చెరువు చేరేసరికి నా అరికాళ్లు బొబ్బలు. అక్కడి పందిట్లో ఒక కుర్రాడు వేడినీళ్లు, నూనె పెట్టుకుని వచ్చినవాళ్లందరి కాళ్లూ పడుతున్నాడు. నా కాలు కూడా ఒళ్లోకి లాక్కున్నాడు. చప్పున వెనక్కి తీసుకున్నాను. ముక్కూ మొహం తెలియని మనిషి, దుమ్ము కొట్టుకున్న నా కాళ్లు పట్టడమేమిటి! పెద్దావిడ గదమాయించింది. "కూర్చో తమ్మా! ఆ పిల్లాడికొచ్చే పుణ్యం ఎందుకు పోగొడతావు?"

కూర్చున్నాను. గోరువెచ్చటి నూనె చీలమండల మీదుగా పాదాల్లోకి దిగుతుంటే కళ్లు చెమర్చాయి. గుడికి చందా రాయడం, అన్నదానానికి బియ్యం బస్తా పంపడం నాకు అలవాటే. అక్కడ నేను ఇచ్చేవాణ్ణి, తల ఎత్తుకునే ఉంటాను. ఇక్కడ నొప్పి దాచడానికి లేదు, తిరిగి ఇవ్వడానికి చేతిలో ఏమీ లేదు. మనం మొక్కే శివుడే ఆదిభిక్షువు. ఆ మాట చిన్నప్పటి నుంచి వింటున్నా, అది నాక్కూడా వర్తిస్తుందని ఆ పందిట్లోనే అనిపించింది.

భీముని కొలను లోయలోకి దిగి, మళ్లీ కైలాసద్వారానికి ఎక్కాలి. నిట్టనిలువు మెట్లు. సగంలో పెద్దావిడ మొహమాటం లేకుండా నా భుజం మీద చేయి వేసి, చీర మూట నాకిచ్చేసింది. ఇంకాస్త పైకెక్కాక నాకూ ఊపిరి అందలేదు. వెనక వస్తున్న ఒకాయన్ని "అన్నా, కొంచెం చేయి ఇవ్వండి" అని అడిగాను. ఇంట్లోవాళ్లను కూడా ఎప్పుడూ అలా అడిగిన గుర్తు లేదు.