ప్లేస్టేషన్ 2లో గువ్వలచెరువు ఘాట్: పని లాగ్, 7 నుంచి 12వ వారం దాకా

ప్లేస్టేషన్ 2 కోసం మేం తయారుచేస్తున్న రేసింగ్ ఆట ఇప్పటి పరిస్థితి ఇది. కడప వైపు నుంచి పాలకొండలు ఎక్కి, గువ్వలచెరువు దాటి, రాయచోటి వైపు దిగే ట్రాక్ మొత్తం అసలు కన్సోల్ మీదే ఆడుతోంది. ఆటగాడి కారు ఒకటి, ఎదురొచ్చే లారీలు రెండు, ఘోస్ట్ కారు (ముందు ఆడినప్పటి దారిని మళ్లీ చూపే నీడ కారు) ఒకటి. కోవా అంగళ్ల దగ్గర తప్ప అంతటా సెకనుకు 50 ఫ్రేములు నిలుస్తున్నాయి.

సరంజామా: ఈథర్‌నెట్ పోర్టు ఉన్న స్లిమ్ కన్సోల్, ఫ్రీఎంసీబూట్ (సొంత ప్రోగ్రాంలను కన్సోల్ మీద నడపనిచ్చేది) ఎక్కించిన మెమరీ కార్డు, పీసీలో పీఎస్2ఎస్‌డీకే (ప్రోగ్రాం రాసే పనిముట్లు), జీఎస్‌కిట్ (తెర మీద గీసే లైబ్రరీ), బ్లెండర్ (3డీ బొమ్మలు చేసేది). పాత కన్సోళ్లలో లెన్స్ అరిగిపోయి ఉంటుంది, ప్రతి బిల్డ్‌కీ డిస్కు రాయడం దండగ. పీఎస్2లింక్ అనే ప్రోగ్రాంతో నెట్‌వర్క్ కేబుల్ మీదుగా పంపితే సరిపోతుంది. యూఎస్‌బీ పోర్టు 1.1 రకం, సెకనుకు 12 మెగాబిట్లకు మించదు కాబట్టి పెద్ద ట్రాక్ ఫైళ్లకు పనికిరాదు. సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లు ఒకటి చూసుకోండి: 90000 సిరీస్‌లో బయోస్ (యంత్రం లోపలి మూల ప్రోగ్రాం) 2.30 ఉన్న యంత్రాల మీద ఫ్రీఎంసీబూట్ పనిచేయదు.

7వ వారం: 4 ఎంబీని పంచుకోవడం

ఈ యంత్రం స్వభావం ఇప్పటి గ్రాఫిక్స్ కార్డులకు పూర్తిగా తిరగేసినట్టు ఉంటుంది. గీయడం చవక, దాచుకోవడం ఖరీదు. గ్రాఫిక్స్ చిప్ 147.456 మెగాహెర్ట్జ్‌లో నడుస్తుంది, టెక్స్చర్ (ఉపరితలం మీద అతికించే బొమ్మ) ఉన్న పిక్సెళ్లను ఒక్కో క్లాక్‌కు 8 గీస్తుంది. కాగితం లెక్కన సెకనుకు 118 కోట్ల పిక్సెళ్లు. కానీ ఫ్రేమ్ బఫర్లు (తెర బొమ్మను దాచేవి), జెడ్ బఫర్ (ఒక్కో పిక్సెల్ ఎంత దూరమో దాచేది), టెక్స్చర్లు అన్నీ కలిపి సర్దుకోవాల్సిన లోపలి మెమరీ 4 ఎంబీ మాత్రమే.

ఆ 4 ఎంబీ 8 కేబీ పేజీలుగా ఉంటుంది, మొత్తం 512 పేజీలు. కేబీల్లో కాకుండా పేజీల్లో లెక్కేస్తేనే తప్పులు దొర్లవు. మన టీవీలకు తగినట్టు పాల్ (50 హెర్ట్జ్ టీవీ పద్ధతి) 640×512 తీసుకుంటే:

32 బిట్ల బఫర్లు రెండు, 24 బిట్ల జెడ్: 480 పేజీలు పోయి టెక్స్చర్లకు 256 కేబీ మిగులుతుంది.
32 బిట్ల బఫర్లు రెండు, 16 బిట్ల జెడ్: 400 పేజీలు, మిగిలేది 896 కేబీ.
అన్నీ 16 బిట్లే: 240 పేజీలు, మిగిలేది 2176 కేబీ.
640×256 సైజులో ఫీల్డ్ రెండరింగ్ (ఒక్కోసారి సగం గీతలే గీయడం), 32 బిట్ల రంగు, 24 బిట్ల జెడ్: ఇదీ 240 పేజీలే, మిగిలేది 2176 కేబీ.

చివరిదే ఎంచుకున్నాం. రంగు నాణ్యత పోదు, జెడ్ నాణ్యత పోదు, మెమరీ మిగులుతుంది. దీనికి చెల్లించే ధర ఒకటుంది: ఒక్క ఫ్రేము కూడా ఆలస్యం కాకూడదు. సరి గీతలు ఒక ఫీల్డులో, బేసి గీతలు ఇంకో ఫీల్డులో గీస్తాం కాబట్టి, ఒక ఫీల్డు తప్పితే బొమ్మంతా ఒక గీత మేర పైకీ కిందికీ ఊగుతుంది. 25 ఫ్రేములకు పడిపోయి నెట్టుకొచ్చే వెసులుబాటు ఇక ఉండదు.

అమలులో రెండు మెలికలున్నాయి. ఇంటర్‌లేస్ (సరి, బేసి గీతలను విడివిడిగా చూపే) సెట్టింగులో 'ఫీల్డ్' అని కాక 'ఫ్రేమ్' అని పెట్టాలి, సగం ఎత్తు బఫర్‌ను అన్ని గీతలూ చదివే మోడ్ అదే. రెండోది, ఒక ఫీల్డుకు నిలువు ఆఫ్‌సెట్‌ను అర పిక్సెల్ జరపాలి. అక్కడి విలువలు పిక్సెల్‌లో 16వ వంతుల్లో ఉంటాయి కాబట్టి 8 కలపాలి. ప్లస్‌కు బదులు మైనస్ పెట్టి తీసేస్తే పిట్టగోడల అంచులు వణుకుతాయి.

50 హెర్ట్జ్ వల్ల ఇంకో లాభం ఉంది. ఫ్రేముకు 20 మిల్లీసెకన్లు దొరుకుతాయి, 60లో అయితే 16.7 మాత్రమే. ప్రాసెసర్ లెక్కలో 49 లక్షల క్లాకులకు బదులు 59 లక్షలు. ఫిజిక్స్‌ను (కారు కదలికల లెక్కలను) సెకనుకు 100 సార్లు నడిపితే ఫ్రేముకు సరిగ్గా రెండు సార్లు, మిగులూ తగులూ ఉండదు.

8వ వారం: కారు కింద రోడ్డు మాయమవడం

గ్రాఫిక్స్ చిప్‌కు ముక్కోణాలను కెమెరా దగ్గర కత్తిరించడం రాదు. కెమెరా వెనక్కి సాగిన ముక్కోణాన్ని అలాగే పంపితే తెరంతా చీలికలు పడతాయి, పంపకుండా వదిలేస్తే కారు కింద రోడ్డు కన్నం పడుతుంది. రేసింగ్ ఆటల్లో రోడ్డు ఎప్పుడూ కెమెరా కిందే ఉంటుంది, అందుకే ఈ బాధ తప్పదు.

వీయూ1 (3డీ లెక్కలు చేసే సహాయక ప్రాసెసర్) మీద పూర్తి కత్తిరింపు రాయవచ్చు, కానీ దాని 16 కేబీ ప్రోగ్రాం మెమరీలో చాలా చోటు తింటుంది. చవకైన దారి: దగ్గరి రోడ్డును 2 మీటర్ల వరుసలుగా సన్నగా కోసి, కెమెరాను దాటిన ముక్కోణాలను పూర్తిగా వదిలేయడం. వదిలేసినవి తెర కింది అంచుకు బయటే ఉంటాయి. 128 మీటర్ల ట్రాక్ సెక్షన్‌కు (ముక్కకు) 64 వరుసలు, అడ్డంగా 7 పలకలు, మొత్తం 896 ముక్కోణాలు. దూరంగా ఉన్న సెక్షన్లకు 8 మీటర్ల వరుసలు, 224 ముక్కోణాలు చాలు. రెండు రకాలూ కలిసే చోట సన్నని పగుళ్లు కనిపిస్తాయి. సెక్షన్ చివర అర మీటరు కిందికి వేలాడే పట్టీ ఒకటి పెడితే కనబడవు.

శీర్షాల (ముక్కోణాల మూలల) డేటా సైజు తగ్గించడం కూడా ఈ వారమే పూర్తయింది. స్థానం, టెక్స్చర్, రంగు మూడూ పూర్తి రూపంలో 48 బైట్లు. స్థానాన్ని 16 బిట్ల అంకెలు మూడుగా, టెక్స్చర్‌ను 16 బిట్లవి రెండుగా, రంగును 8 బిట్లవి నాలుగుగా పెడితే 14 బైట్లే, విప్పే పని వీఐఎఫ్ (వీయూ1కు డేటా అందించే భాగం) చూసుకుంటుంది. కొలత మీటరుకు 64 మెట్లు, అంటే సెక్షన్ కేంద్రం నుంచి అటూ ఇటూ 512 మీటర్లు అందుతుంది. జాగ్రత్త: సెక్షన్ కేంద్రాలను కూడా అదే 64వ వంతుల మీద కూర్చోబెట్టాలి. లేకపోతే పక్కపక్క సెక్షన్లు వేర్వేరుగా రౌండై, రోడ్డు మీద అడ్డంగా వెంట్రుకంత గీత కనిపిస్తుంది.

డేటా తయారుచేసి డీఎంఏ (ప్రాసెసర్ ప్రమేయం లేకుండా డేటా పంపడం) మొదలుపెట్టే ముందు క్యాష్‌ను (ప్రాసెసర్ తాత్కాలిక నిల్వను) మెమరీలోకి రాయించాలి. మరిచిపోతే ఎమ్యులేటర్‌లో (పీసీలో కన్సోల్‌ను అనుకరించే ప్రోగ్రాంలో) అంతా బాగుంటుంది, కన్సోల్ మీద మాత్రం అప్పుడప్పుడూ ముక్కోణాలు మెరుస్తాయి. అందుకే రోజూ ఒకసారైనా కన్సోల్ మీద నడిపి చూడాలి.

16 బిట్ల జెడ్ ఎందుకు వద్దన్నామో కూడా చెప్పాలి. దగ్గరి హద్దు 0.5 మీటర్లు అనుకుంటే, దూరం వర్గాన్ని 32,768తో భాగిస్తే జెడ్‌లో ఒక మెట్టు ఎంతో వస్తుంది. 25 మీటర్ల దగ్గర 2 సెంటీమీటర్లు, 100 మీటర్ల దగ్గర 30 సెంటీమీటర్లు, 300 మీటర్ల దగ్గర 2.7 మీటర్లు. రోడ్డుకు 2 సెంటీమీటర్లు పైన అతికించిన తెల్లగీత పాతిక మీటర్ల అవతల నుంచే మినుకుమంటుంది.

9వ వారం: రోడ్డు మెరుపు

ఎక్కువ సమయం తిన్న సమస్య ఇదే. దూరపు రోడ్డు మీద కంకర చుక్కలు ఉడుకుతున్న నీళ్లలా కదిలేవి. మిప్‌మ్యాప్ (దూరంలో వాడే చిన్న సైజు టెక్స్చర్లు) ఉన్నా ఎందుకు ఇలా? ఈ చిప్ మిప్ స్థాయిని దూరాన్ని బట్టి మాత్రమే ఎంచుకుంటుంది, ఉపరితలం ఎంత వాలుగా ఉందో చూడదు. ఎదురుగా నిలబడ్డ గోడకు ఆ లెక్క సరిపోతుంది. పడుకున్న రోడ్డు మాత్రం పొడవు దిశలో బాగా నలిగిపోతుంది, దానికి ఇంకా చిన్న మిప్ కావాలి, చిప్ ఆ మాట గ్రహించదు.

ప్రతి టెక్స్చర్‌కూ 'కె' అనే సవరణ విలువ ఇవ్వొచ్చు. అది 16వ వంతుల్లో ఉంటుంది, కాబట్టి ఒక స్థాయి పెంచాలంటే 16. రోడ్డుకు 16, పిట్టగోడలకూ లారీలకూ 0. దాంతో మెరుపు చాలావరకు పోయింది కానీ దగ్గరి రోడ్డు కొంచెం మసకబారింది. మిగతాది బొమ్మలోనే సరిచేయాలి: కంకర చుక్కలు తగ్గించి, టైర్ల రాపిడి చారలను రోడ్డు పొడవునా వేయాలి. పొడవు దిశలో ఎంత నలిగినా పొడవాటి చార చారలాగే ఉంటుంది. మసక తగ్గడానికి కారుకు 15 మీటర్ల లోపల ఒక చిన్న కంకర టెక్స్చర్‌ను రెండో పొరగా గీస్తున్నాం. ఇక్కడే చవకైన గీత అక్కరకొస్తుంది. ఫీల్డుకు ఉన్నది 1,63,840 పిక్సెళ్లు, సిద్ధాంతంలో 144 పొరలకు చోటుంది, ఇంకో పొర భారమే కాదు.

రంగుల దగ్గర కొత్తవాళ్లు పడే గోతులు రెండు. ఈ చిప్‌లో 128 అంటే పూర్తి వెలుగు, 255 ఇస్తే దాదాపు రెట్టింపై కొండలు సున్నం కొట్టినట్టు తెల్లబడతాయి. 8 బిట్ల టెక్స్చర్ల రంగుల పట్టికలో ప్రతి 32 రంగుల్లోనూ 8 నుంచి 15 వరకు ఉన్నవాటిని 16 నుంచి 23 వరకు ఉన్నవాటితో తారుమారు చేసి పంపాలి, లేకపోతే రాళ్లు ఆకుపచ్చగా వస్తాయి.

పట్టికల వల్ల ఒక చక్కటి లాభం కూడా దొరికింది. 128×128 చెట్టు బొమ్మ 4 బిట్లలో 8 కేబీ, దాని 16 రంగుల పట్టిక 64 బైట్లు. ఎండాకాలంలో ఈ గుట్టలు ఎలా మోడువారతాయో, వానలు పడ్డాక ఎలా పచ్చబడతాయో చూసినవాళ్లకు తెలుసు. బొమ్మలు ముట్టకుండా పట్టికలు మారిస్తే చాలు, మూడు కాలాలు వచ్చేశాయి. కొండ రాళ్లకూ ఇదే పద్ధతి.

10వ వారం: నేల

ఎత్తుల కోసం ఎస్ఆర్‌టీఎం (అంతరిక్షం నుంచి కొలిచిన నేల ఎత్తుల) డేటా, రోడ్డు గీత కోసం ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్. ఎత్తుల చుక్కలు సుమారు 30 మీటర్లకొకటి ఉంటాయి. కొండ పక్కన ఒరుసుకుపోయే రోడ్డుకు ఇది చాలదు, రోడ్డు ఒక పక్కకు వాలి లారీ లోయలోకి జారుతుంది. చేసినది: మధ్య గీత వెంబడి మాత్రమే ఎత్తులు తీసుకుని, 150 మీటర్ల సగటుతో నునుపు చేసి, అడ్డ వాలును చేత్తో ఇచ్చి, తర్వాత నేలను రోడ్డు అంచుకు లాగి కలిపాం. మలుపులను ఆటకోసం కొంచెం వెడల్పు చేయక తప్పలేదు.

ఘాట్ రోడ్డు ఈ యంత్రానికి కలిసొస్తుంది. ప్రతి మలుపులో కొండే తర్వాతి భాగాన్ని కప్పేస్తుంది కాబట్టి, ఏ సెక్షన్ నుంచి ఏవి కనిపిస్తాయో ముందే జాబితా రాసిపెట్టుకుంటే గీయాల్సినవి సగానికి పైగా తగ్గుతాయి. లోయ వైపు తెరుచుకున్న మలుపులే కష్టం. అక్కడ కింది రోడ్డును ముక్కోణాలతో కాక 512×256 బొమ్మగా వెనక నిలబెట్టాం, 8 బిట్లలో 128 కేబీ.

11వ వారం: చిన్న పనులు

ఇంజన్ శబ్దం: నాలుగు ఆర్‌పీఎంల దగ్గర లూపులు, 22,050 హెర్ట్జ్. కన్సోల్ ఏడీపీసీఎంలో (శబ్దాన్ని కుదించి దాచే పద్ధతిలో) 28 శాంపిళ్లు 16 బైట్లవుతాయి, సెకనుకు 12.3 కేబీ. లూపు పొడవు 28 గుణకం కాకపోతే ప్రతి చుట్టుకీ టిక్ మంటుంది. పిచ్ విలువ 4096 అంటే 48,000 హెర్ట్జ్, మా లూపుల అసలు వేగానికి 1882.

కోడ్‌లో 0.5 అని రాస్తే డబుల్ (64 బిట్ల దశాంశం) అవుతుంది. ప్రాసెసర్‌కు డబుల్ చేతకాదు, సాఫ్ట్‌వేర్‌లో నెమ్మదిగా లెక్కిస్తుంది. ప్రతి అంకె చివరా ఎఫ్ పెట్టాలి. దశాంశాలను రౌండ్ చేసే తీరు కూడా పీసీలాంటిది కాదు, ఎప్పుడూ సున్నా వైపే కోస్తుంది. అందుకే ఘోస్ట్ కారుకు బటన్ల నొక్కులు దాచి పీసీలో మళ్లీ ఆడిస్తే రెండు మలుపుల్లోనే దారి తప్పుతుంది. బదులుగా స్థానాలే దాస్తున్నాం: సెకనుకు 10 సార్లు, ఒక్కోటి 8 బైట్లు, 3 నిమిషాలకు 14,400 బైట్లు.

డూప్లికేట్ ప్యాడ్లలో చాలావాటికి బటన్ ఒత్తిడి కొలిచే గుణం ఉండదు. ప్రెషర్ మోడ్ అడిగి, రాకపోతే యాక్సిలరేటర్‌ను 0.3 సెకన్లలో మెల్లగా పెంచుతున్నాం. స్టిక్ మధ్య విలువ 128 అని నమ్మొద్దు. ఆట మొదలయ్యేటప్పుడు చదివి అదే మధ్యగా తీసుకోవాలి.

12వ వారం: కోవా అంగళ్లు, తెలుగు బోర్డులు

ట్రాక్‌లో అందరికీ గుర్తుండే చోటు ఇదే, బరువైనదీ ఇదే. ఎప్పుడూ ఉండే టెక్స్చర్లకు 960 కేబీ పోను సెక్షన్లకు 1216 కేబీ ఉంది. ఒకటి గీస్తుండగా ఇంకోటి నింపాలి కాబట్టి సగం, 608 కేబీ. అంగళ్ల సెక్షన్ 640 కేబీ అడుగుతోంది. మిగిలిన 32 కేబీని అదే ఫ్రేములో మళ్లీ పంపాల్సి రావడంతో గీసే పని ఆగి, ఫీల్డు తప్పుతోంది, బొమ్మ ఊగుతోంది.

బరువంతా బోర్డులదే. 256×128 బోర్డు 8 బిట్లలో 32 కేబీ. రంగులద్దిన బోర్డులో నాలుగైదు రంగులే ఉంటాయి, అంచుల మెత్తదనానికి ఇంకొన్ని, మొత్తం 16లో ఇమిడిపోతాయి. 4 బిట్లకు మారిస్తే ఒక్కోటి 16 కేబీ. ఆరు బోర్డుల్లో మూడు మార్చాం, కొలత 592 కేబీకి దిగింది.

బోర్డు సైజే తగ్గించి చూడొచ్చు కదా అంటే, తెలుగు అక్షరం ఒప్పుకోదు. 256 గీతల ఫీల్డులో అక్షరం ఎత్తు 12 గీతలకు దిగితే 'క్క' ఒత్తు ముద్దగా మారుతుంది, 'ప'కూ 'వ'కూ తేడా చెరిగిపోతుంది. ఒత్తుతో కలిపి 20 గీతలు ఉంటే చదవొచ్చు. సన్నని అడ్డగీతలు ఒకే ఫీల్డులో పడితే మినుకుమంటాయి కాబట్టి తలకట్టు మందం పూర్తి తెర లెక్కన రెండు గీతలకు తగ్గకూడదు. ఒత్తులూ గుణింతాలూ కూర్చే ఇంజన్ కన్సోల్‌లో లేదు. అందుకే మెనూ మాటలన్నీ పీసీలో బొమ్మలుగా మార్చి 256×256 అట్లాసులో (అన్నీ కలిపిన ఒకే పెద్ద బొమ్మలో) పెట్టాం, 4 బిట్లలో 32 కేబీ.

13వ వారానికి మిగిలినవి: మిగతా మూడు బోర్డులు మార్చి కన్సోల్ మీద ఫీల్డు తప్పుతోందో లేదో చూడటం, లారీ దుమ్ము పెద్ద స్ప్రైట్లను (చదునైన బొమ్మలను) 32 పిక్సెళ్ల వెడల్పు నిలువు పట్టీలుగా కోయడం, రాయచోటి వైపు దిగుడులో బ్రేకు లెక్కలు.