సున్నం మూడు పూతలు

అబుదాబిలో నా పని మేడల నెత్తిన చలవ పెట్టడం. స్లాబు మీద ఫోమ్ కొడతాను. రెండు డ్రముల్లోని రసాయనాలు గన్నులో కలిసి బయటికొస్తాయి, కింద పడగానే ఇడ్లీ పిండిలా పొంగి, చూస్తుండగానే గట్టిపడతాయి. లోపలంతా సన్నటి బుడగలే. ఎండ వేడి వాటిని దాటుకుని దిగడం కష్టం. కరెంటూ నీళ్లూ పొదుపయ్యేలా బిల్డింగులు కట్టాలని 2010లో ఎస్టిడామా అని రూల్సు పెట్టారిక్కడ. బిల్డింగులకి ముత్యాల లెక్కన మార్కులు వేస్తారు, కొత్తదానికి కనీసం ఒక్క ముత్యమైనా రావాలి. నా జీతం ఆ ముత్యంలోంచే.

జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటి వరకు ఎండలో పని బంద్. అప్పుడే ఇంటికి ఫోన్ చేస్తాను. మాది పర్లాకిమిడి దగ్గర పల్లె.

"రాత్రి వరండాలో పడుకున్నాను నాయినా. లోపల పొయ్యిలాగుంది" అంది అమ్మ ఓ జూన్‌లో.

ఆ ఇల్లు కట్టించింది నేనే. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫానుకి పాత ఇంటి పెంకులు సగం లేచిపోయాయి. అందుకే స్లాబు. పాత ఇల్లే చల్లగా ఉండేదని పిన్ని దెప్పుతుంది. నిజమే, వెదుళ్ల మీద మట్టి మెత్తిన అటక మా ఫోమ్ చేసే పనే చేసేది. కానీ పెంకుటిల్లు పెంకుటిల్లు అని మురిసిపోయేవాళ్లని ఆ తుఫాను రాత్రి దాని కింద పడుకోమనాలి.

స్లాబు పగలంతా ఎండ తాగి రాత్రి గదిలోకి కక్కుతుంది. రోజూ చేసే పనే, నాకు తెలీక కాదు. డబ్బు మాత్రం టైల్సుకీ, గేటుకీ పెట్టాను.

సెలవుకి వెళ్లి సున్నంలో ఫెవికాల్ కలిపి స్లాబు పైన మూడు పూతలు వేశాను. వానలకి పోతుంది, ఏటా వెయ్యాల్సిందే. సోలార్ కూడా పెట్టిద్దామన్నాను. పీఎం సూర్యఘర్ అనే కేంద్ర పథకంలో 3 కిలోవాట్లకి 78,000 రూపాయల సబ్సిడీ వస్తుంది. అమ్మ ఒకటే అడిగింది: "గాలొస్తే ఆ పలకలు ఎవరి నెత్తిన పడతాయి?"

ఏజెంటు స్టాండు కాళ్లకి సిమెంటు దిమ్మలు పెడితే చాలన్నాడు. మా వైపు గాలికి అవి చాలవు. బోల్టులు స్లాబులోకే దించాలి, దించినచోట నీరు దిగకుండా చూసుకోవాలి. నేను మళ్లీ వచ్చాక దగ్గరుండి చేయిస్తానని పంపేశాను.

అమ్మ ఇప్పుడు లోపలే పడుకుంటోంది. చాప మాత్రం గుమ్మానికి ఆనించే వేస్తుందట.