తలుపు మూసి చూడాలి
ఆపదలో నొక్కితే సాయం పిలిచే అలర్ట్ బటన్లు నర్సులు మెడలో వేసుకుంటారు. వాటి కోసం ఓ ఆసుపత్రిలో రెండు రాత్రులు వైఫై సిగ్నల్ కొలిచాను. వార్డుల్లో ఇబ్బంది లేదు. ఎక్స్‌రే గది దగ్గరే ఆగిపోయాను. గోడల్లో, తలుపులో సీసం రేకు. తలుపు తీసి ఉంటే మైనస్ 62 డీబీఎం (సిగ్నల్ బలం కొలత; మైనస్ అంకె పెరిగితే సిగ్నల్ తగ్గినట్టు), మూయగానే మైనస్ 88. ప్లాన్‌లో మాత్రం ఆ గదంతా పచ్చరంగే, అంటే సిగ్నల్ బాగున్నట్టే!

బటన్‌ని గుండెకి ఆనించి నొక్కితే ఇంకా తగ్గింది. ఒంట్లోని నీరు 2.4 గిగాహెర్ట్జ్ వైఫై తరంగాల్ని పీల్చేసుకుంటుంది. భయపడ్డ మనిషి అలా హత్తుకునే కదా నొక్కేది.

నైట్ డ్యూటీ సిస్టర్ ఒకావిడ బేస్‌మెంట్ మెట్లు చూపించి, "రాత్రి రెండింటికి మందుల స్టోర్‌కి ఒక్కదాన్నే వెళ్తాను సార్, అక్కడ పనిచేస్తుందా?" అని అడిగారు. పనిచేయలేదు. మెట్ల మలుపులో ఒకటి, ఎక్స్‌రే గది లోపల ఒకటి యాక్సెస్ పాయింట్ (వైఫై సిగ్నల్ ఇచ్చే పెట్టె) అదనంగా రాశాను. ఖర్చు తగ్గించమన్నారు. ఆ రెండూ మాత్రం తీయనన్నాను.