మొదటి సోల్డరింగ్‌కి పాత క్యాట్రిడ్జ్ చాలు

కన్సోల్ మోడింగ్ (గేమ్ ఆడే యంత్రాల్ని విప్పి మార్పులు చేసుకోవడం) నేర్చుకోవాలంటే ముందు నింటెండో వాళ్ళ చేతి కన్సోల్ గేమ్ బాయ్ క్యాట్రిడ్జ్‌లో బ్యాటరీ మార్చి చూడండి. నేను పోకెమాన్ గోల్డ్‌తో మొదలుపెట్టాను. జపాన్‌లో 1999లో వచ్చిన గేమ్. మన సేవ్‌ని, అంటే ఆటలో ఎక్కడిదాకా వచ్చామో ఆ రికార్డుని, నిలబెట్టేది లోపలున్న సీఆర్2025 బిళ్ళ బ్యాటరీ. గేమ్‌లోని గడియారం కూడా దాని మీదే నడుస్తుంది, అందుకే త్వరగా అయిపోతుంది. (బ్యాటరీ తీస్తే పాత సేవ్ పోతుంది, అది ముందే తెలిసుండాలి.)

3.8 మిల్లీమీటర్ల గేమ్‌బిట్‌తో (ఈ స్క్రూల కోసమే ఉండే స్క్రూడ్రైవర్ బిట్) విప్పితే బ్యాటరీకి ఉన్నవి రెండే సోల్డర్ అతుకులు. ట్యాబ్‌లున్న (అతికించడానికి లోహపు రేకులున్న) బ్యాటరీయే కొనండి. మామూలు బిళ్ళకి నేరుగా వేడి తగిలించడం ప్రమాదం. కాస్త ఫ్లక్స్ (సోల్డర్ బాగా అంటుకునేలా చేసే పదార్థం) రాసి, ప్లస్, మైనస్ చూసుకుని అతికించాను. సేవ్ చేసి, ఆపి, మళ్ళీ ఆన్ చేస్తే 'కంటిన్యూ' అని వచ్చింది. ఎంత సంతోషమేసిందో! ఇక గేమ్ బాయ్ స్పీకర్ మార్చాలి, దానికీ రెండు వైర్లే.