నీళ్ళలోంచి రోడ్డు బయటికొచ్చిన మధ్యాహ్నం

జపాన్‌లో క్యూషూ దీవిలోని అరియాకే సముద్రం ఒడ్డుకి వెళ్ళేవాళ్ళు రైళ్ళ టైమ్‌టేబుల్‌తో పాటు ఆటుపోట్ల వేళలు కూడా చూసుకుని వెళ్ళండి, ఎందుకంటే అక్కడ ఏ చోటైనా ఏ గంటకు వెళ్ళామన్నదాన్ని బట్టే కనిపిస్తుంది. నేనూ మా చెల్లీ మార్చిలో, పౌర్ణమి వెళ్ళిన రెండో రోజు, కుమామోతోలో మిసుమి లైన్ డీజిల్ రైలెక్కి సుమియోషిలో దిగి, నగబెతా ఒడ్డుకు నడిచేసరికి పొద్దున పది దాటింది. సముద్రం నిండుగా ఉంది. నీళ్ళలోంచి కరెంటు స్తంభాలు వరసగా లేచి దూరంగా పోతున్నాయి, అంతే. వాటి పక్కనే కిలోమీటరు పొడవున రోడ్డుందంటే నమ్మబుద్ధి కాలేదు.

నోరి నాచు పెంచేవాళ్ళూ ఆల్చిప్పలు ఏరేవాళ్ళూ బళ్ళతో లోపలిదాకా వెళ్ళి రావడానికి 1979లో వేసిన రోడ్డది. ఒడ్డున కూర్చున్నాం. గంట గడిచినా ఏమీ మారినట్టు లేదు, ఇంకో గంటకి స్తంభాల మీద తడి చార కిందికి దిగుతూ కనిపించింది. ఒంటిగంట దాటాక చెల్లి నా భుజం పట్టుకుని "అక్కా, రోడ్డు, రోడ్డు!" అని అరిచింది. ముందు నలుపు, తర్వాత నీళ్ళోడుతున్న కాంక్రీటు. కాసేపటికి ఒక చిన్న ట్రక్కు ఒడ్డు మీంచి తిన్నగా సముద్రంలోకి వెళ్ళిపోయింది. అలా చూస్తూ ఉండిపోయాను.

ఈ అరియాకే సముద్రం లోపలి కొసన పోటుకీ ఆటుకీ తేడా దాదాపు 6 మీటర్లు, జపాన్ మొత్తంలో ఇదే ఎక్కువ. సన్నగా పొడుగ్గా లోపలికి చొచ్చుకొచ్చిన, లోతు తక్కువ అఖాతం కదా, అందులో నీళ్ళు ఊగే లయా పోటు వచ్చే లయా దగ్గరగా ఉంటాయి, అందుకే లోపలికి వచ్చేకొద్దీ పోటు పెరుగుతుంది. అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకట్రెండు రోజుల్లో తేడా బాగా తెలుస్తుంది.

అక్కణ్ణుంచి మళ్ళీ రైలెక్కి ఓదాలో దిగి ఒకోషికి తీరానికి నడిచాం. పూర్వం కెయికో చక్రవర్తి ఈ అందం చూసి పల్లకి ఆపించాడని కథ, పేరు కూడా దాని మీదే వచ్చింది. నాలుగున్నరకి కొండ మీద నుంచి చూస్తే ఇసుక మేటలు నెలవంకల్లా వంపులు తిరిగి ఉన్నాయి, ఒక్కో వంపు మధ్యా నిలిచిన నీళ్ళలో ఎండ. కిందికి దిగి అంచున ఒంగి చూశాను. పై నుంచి గీతల్లా కనిపించినవి దగ్గర్లో చిన్న చిన్న ఇసుక కట్టలు, వాటి మధ్య వేలెడు లోతు నీళ్ళు, అందులో గోరంత పీత ఒకటి కన్నం చుట్టూ ఇసుక ఉండలు పేరుస్తోంది. నా నీడ పడగానే లోపలికి పోయింది, కదలకుండా ఉంటే మళ్ళీ వచ్చింది. పొద్దు వాలేదాకా అక్కడే ఉన్నాం.

మర్నాడు ఆదివారం, ప్రత్యేకంగా నడిపే 'ఎ-ట్రెయిన్'లో వెళ్ళాం. 2011లో మొదలైన రెండు బోగీల రైలు, రంగుటద్దాల కిటికీలు, కుమామోతో నుంచి మిసుమికి దాదాపు 40 నిమిషాలు. కుడివైపు కూర్చోండి, సముద్రం అటే. నిన్న మేం ఒంగి చూసిన తీరం పక్కనుంచే వెళ్ళింది, కానీ అప్పుడు నిండు పోటు, ఒక్క ఇసుక గీత కూడా లేదు. బోగీలో అందరూ నీలం నీళ్ళకి ఫోటోలు తీస్తున్నారు, మేమిద్దరం మాత్రం నీళ్ళ కింద ఏముందో తలుచుకుంటూ కూర్చున్నాం.

సాయంత్రం ఫెర్రీలో అఖాతం దాటి అవతలి ఒడ్డున షిమబరాలో దిగి, అక్కణ్ణుంచి రైల్లో ఒమిసాకి స్టేషన్‌కి వెళ్ళాం. ప్లాట్‌ఫారం అంచు కిందే సముద్రం, కోరికలు రాసి కట్టిన పసుపు రుమాళ్ళు గాలికి కొట్టుకుంటున్నాయి, అప్పటికి నీళ్ళు వెనక్కెళ్ళి బురద బయటపడింది. ఆ లైన్‌లోనే ఇంకా పైకి పోతే ఇసాహయ అఖాతం. 1997 ఏప్రిల్‌లో 293 ఉక్కు పలకలు వరసగా దించి దాని లోపలి భాగాన్ని సముద్రం నుంచి విడదీశారు. ఆ కట్ట లోపల ఇప్పుడు ఆటూ లేదు, పోటూ లేదు. నిన్నటి ఆ పీత గుర్తొచ్చి గొంతు పట్టేసింది, రైలొచ్చి ఆగినా కాసేపు ఎక్కలేకపోయాను.